ఇప్పుడే తిన్నాం

ఫ్లోరిడాలో థీమ్ పార్కు చూడ్డానికి బయల్దేరిన రోజు, శేషగిరి కారు డిక్కీలోకి సూట్‌కేసులకన్నా ముందు రైస్ కుక్కర్ ఎక్కింది. దాని వెనకే ఐస్ బాక్సు, అందులో పెరుగు, భార్య ఉజ్వల చేసిన పులిహోర పులుసు, గోంగూర పచ్చడి. నార్త్ కెరొలినాలో వాళ్లుండే మోరిస్‌విల్ నుంచి పది గంటల ప్రయాణం. దారి పొడుగునా హోటల్ బోర్డు కనిపిస్తే చాలు, శేషగిరి కారు వేగం పెంచేవాడు.

పాపం, అతను పిసినారి కాదు. ఆ ఏడు వచ్చిన బోనస్ మొత్తం టికెట్లకే సరిపోయింది. ఇక మిగుల్చుకోగలిగింది తిండి దగ్గరే. పార్కులోకి బయటి తిండి తెచ్చుకోవచ్చని వెబ్‌సైట్లో మూడుసార్లు చదివి మరీ ధైర్యం తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే హోటల్ గదిలో అన్నం వండేవాడు. కుక్కర్ మూత తీసినప్పుడల్లా, ఆవిరికి పొగ అలారం ఎక్కడ మోగుతుందోనని ఉజ్వల టవలుతో విసురుతూ నిలబడేది.

ఎనిమిదేళ్ల కూతురు వేద మాత్రం ఒకే ఒక్క కోరిక కోరింది. పార్కు మధ్యలో ఉన్న కోటలో రాజకుమారి పక్కన కూర్చుని భోజనం చేయాలట. మనిషికి ఎనభై డాలర్లు.

"నెక్స్ట్ టైమ్ వెళ్దాం తల్లీ" అన్నాడు శేషగిరి.

"ఓకే నాన్నా" అంది వేద. మళ్లీ అడగలేదు. మారాం చేసి ఏడ్చినా బాగుండేదని అతనికి అనిపించింది. చిన్నపిల్ల అంత త్వరగా సర్దుకుపోతే తండ్రికి కష్టంగానే ఉంటుంది.

మూడో రోజు ఒక రైడు కోసం గంటసేపు క్యూలో నిలబడ్డారు. ముందు నిలబడ్డ నమ్రత అనే ఆవిడ వీళ్ల తెలుగు విని వెనక్కి తిరిగి పలకరించింది. మిషిగన్‌లోని నోవైలో పుట్టి పెరిగిన అమ్మాయి. ఆమె కూతురు రియా, వేద పది నిమిషాల్లో ప్రాణస్నేహితులైపోయారు. రైడు దిగాక నమ్రత ఒక మాట అడిగింది.

"మా బాబుకి ఫీవర్ అండి. మా హస్బెండ్ వాడితో హోటల్‌లోనే ఉండిపోయాడు. కాసిల్ లంచ్ నలుగురికి బుక్ చేశాం, మనీ కూడా కట్టేశాం. టూ సీట్స్ ఊరికే వేస్ట్ అయిపోతాయి. ఉజ్వల గారు, వేద వస్తారా?"

వేద ఊపిరి బిగబట్టింది. శేషగిరి గుండె కూడా ఎగిరి గంతేసింది. కానీ నోరు దాని అలవాటు అది చూసుకుంది.

"అయ్యో, వద్దండీ. మేం ఇప్పుడే తిన్నాం."

ఎవరూ తినలేదు. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా అతని భుజాన బ్యాగులో బరువుగా వేలాడుతున్నాయి. మన ఇళ్లలో ఈ మాటకి అర్థం ఇంకోసారి అడగమని. అవతలివాళ్లు "అదేం కుదరదు" అంటారు, మనం "ఎందుకండీ శ్రమ" అంటాం, మూడోసారికి కంచం ముందు కూర్చుంటాం. నోవై అమ్మాయికి ఈ వరస తెలియదు.

"ఓ, ఓకే అండి. నో ప్రాబ్లమ్" అని నవ్వి, రియాని తీసుకుని వెళ్లిపోయింది.

శేషగిరి నాలుక చివర "ఎందుకండీ శ్రమ" అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు తిన్నాం మనం?" అంది ఉజ్వల.

వేద తన బూట్ల వైపు చూసుకుంటూ, "ఇట్స్ ఓకే నాన్నా" అంది.

ఆ రెండో ఓకే అతను భరించలేకపోయాడు. మొహమాటాన్ని అక్కడే వదిలేసి జనం మధ్య నుంచి పరుగెత్తాడు. కోట గుమ్మం దగ్గర నమ్రతని అందుకున్నాడు.

"నమ్రత గారూ, మేం తినలేదండీ."

"మరి తిన్నామన్నారు కదా?"

"మీరు మళ్లీ అడుగుతారనుకున్నాను."

నమ్రత ఒక్క క్షణం అర్థంకాక చూసి, పకపకా నవ్వింది. "మా మమ్మీ కూడా సేమ్ అండి. త్రీ టైమ్స్ అడగాలి. సరే, మళ్లీ అడుగుతున్నా. పంపిస్తారా?"

"ఎందు" దాకా వచ్చిన మాటని మింగేసి, "పంపిస్తానండీ" అన్నాడు శేషగిరి. "హోటల్లో మీవాళ్లు ఏం తింటున్నారు?"

"త్రీ డేస్‌గా బ్రెడ్డే."

అతను రెండు డబ్బాలూ తీసి ఇచ్చాడు. నమ్రత ఒక్కసారి కూడా వద్దనకుండా రెండు చేతులా అందుకుంది. ఆ అలవాటు అతనికి ఎంతో నచ్చింది.

ఉజ్వల, వేద లోపలికి వెళ్లాక శేషగిరి బెంచీ మీద కూర్చున్నాడు. పక్క బండిలోంచి పాప్‌కార్న్ వాసన వస్తోంది. ధర చూసి ముఖం తిప్పుకుని, ఊరికే ఇచ్చే మంచినీళ్లు రెండు కప్పులు తాగాడు.

గంటన్నర తర్వాత వేద తలమీద కాగితం కిరీటంతో పరుగెత్తుకొచ్చింది. చేతిలో నాప్‌కిన్, అందులో ఒక బన్ను, కొంచెం నలిగిన కేకు ముక్క.

"నీకోసం దాచాను నాన్నా. తింటావా?"

"నాకొద్దు తల్లీ, ఇప్పుడే తిన్నాను. నువ్వు తిను."

వేద ఖాళీ బ్యాగు వైపు చూసింది. లోపల నమ్రత ఆంటీ అంతా చెప్పినట్టుంది. బెంచీ ఎక్కి తండ్రిని ఆనుకుని కూర్చుని, ఒక వేలు ముడిచింది.

"తింటావా నాన్నా?"

"వద్దమ్మా, నిజంగా..."

రెండో వేలు ముడిచింది. శేషగిరికి కళ్లు చెమర్చాయి. మూడోసారి అడిగే దాకా ఆగి, నోరు తెరిచాడు.