ఆరో తరగతి గదిలో కాపురం

తొంభయ్యో సంవత్సరం మే నెలలో తుపాను వస్తోందని చెప్పి నాగాయపాలెం జనాన్ని లారీల్లో ఎక్కించి తాళ్ళకోడు హైస్కూల్లో దించారు. వీరమ్మ చేపల గంపలో గిన్నెలూ, బియ్యం మూటా పెట్టుకుని, కూతురు పద్మశ్రీ చెయ్యి పట్టుకుని దిగింది. మొగుడు పెద్దబ్బాయి పడవని ఒడ్డు మీదకి లాగి, మోకు బిగించి, ఆఖరి లారీలో వచ్చాడు.

"గాలి తగ్గగానే ఎల్లిపోదాంలే" అన్నాడు.

గాలి తగ్గింది గానీ, వెళ్ళడానికి ఊరు మిగల్లేదు. పాకలున్న చోట ఇసక మేట వేసింది. పెద్దబ్బాయి పడవ ఎక్కడో సరుగుడు తోటలో బోర్లా పడి దొరికింది. అది దొరికినందుకే వీరమ్మ దణ్ణం పెట్టుకుంది. పక్కా ఇళ్ళు కట్టిస్తామన్నారు ఆఫీసర్లు. ఎప్పటికి కట్టిస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అలా వీరమ్మ కాపురం 'ఆరో తరగతి - బి' అని తలుపు మీద తెల్లరంగుతో రాసి ఉన్న గదిలో పడింది. నాలుగు కుటుంబాలకి ఒక గది. బెంచీలు ఓ మూలకి పేర్చి, మధ్యలో పాత చీరలు తెరలు కట్టుకున్నారు. వీరమ్మ చాప సరిగ్గా నల్లబల్ల కింద. సెలవలకి ముందు ఎవరో మాస్టారు సగం చేసి వదిలేసిన లెక్క ఆ బల్ల మీద అలాగే ఉండిపోయింది. పొద్దున్నే కళ్ళు తెరిస్తే ముందు అదే కనబడేది.

బడిలో అటెండరు దానమ్మ. బడి వెనక దళితుల పేటలో ఉంటుంది. కూతుళ్ళకి పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక ఒంటరిది. గాలివాన రాత్రి పెద్ద డేగిసాలో గంజి కాచి అందరికీ పోసింది ఆవిడే. తెల్లారాక బోరింగు దగ్గర చేపలు కడిగితే చీపురు పుచ్చుకుని తిట్టిందీ ఆవిడే. వీరమ్మ తక్కువ తినలేదు. ఇద్దరూ వారం రోజులు బోరింగు దగ్గర గొంతులు చించుకున్నారు. ఆ తర్వాత చేపలు కాలవగట్టున కడగాలనీ, పులుసులో మంచి ముక్క దానమ్మకి పోవాలనీ ఒప్పందానికొచ్చారు. స్నేహం అక్కణ్ణుంచే మొదలైంది.

జూన్‌లో బడి తెరిచే రోజు దగ్గరపడింది. హెడ్మిస్ట్రెస్ సంపూర్ణమ్మగారు అందర్నీ ఆవరణలోకి పిలిచారు. పొట్టి మనిషి, ఎప్పుడూ నేత చీరే కడతారు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

"పిల్లలొస్తారు. మీరూ ఉంటారు. మిమ్మల్ని పొమ్మనను. బడి మూయను. మూడు గదులు మీకు, మిగతావి మాకు. గది చాలని క్లాసులు వరండాలో కూర్చుంటాయి. తొమ్మిది గంటలకల్లా పొయ్యిలు ఆర్పెయ్యాలి. ఎండుచేపలు బడి గోడల మీద ఆరెయ్యకూడదు. సరేనా?"

అంతా సరేనన్నారు. ఆరో తరగతి బి సెక్షను పిల్లలు తమ గది ముందు వరండాలోనే కూర్చోవలసి వచ్చింది. లోపల కాపురాలు, గుమ్మం బయట పాఠాలు. లెక్కల మాస్టారు స్టీఫెన్ గారు బోర్డుకి బదులు గోడ మీద సుద్దముక్కతో రాసేవారు.

ఒకరోజు ఆయన నోటిలెక్క అడిగారు. "డజను అరటిపళ్ళు ఆరు రూపాయలైతే, ఏడు పళ్ళెంత?"

పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. గదిలోంచి, చీర తెర వెనకనుంచి, "మూడున్నర" అని వినిపించింది.

పిల్లలంతా గొల్లుమన్నారు. మాస్టారు గుమ్మంలోకి తొంగిచూశారు. "తెర వెనకాల ఎవరమ్మా?"

తెర కొంచెం పక్కకి జరిగింది. పన్నెండేళ్ళ పిల్ల, ఒళ్ళో చేటలో బియ్యం, సిగ్గుతో మొహం కందిపోయి కనబడింది.

మధ్యాహ్నం చేపలమ్ముకుని వచ్చిన వీరమ్మకి పక్కచాప బుల్లెమ్మ ఈ సంగతంతా అభినయించి మరీ చెప్పింది. వీరమ్మ కూతుర్ని కోప్పడింది. "బియ్యం ఏరమంటే మాస్టార్లతో మాటలేంటే? మనం ఎవరి చోట ఉన్నామో ఎరికుండక్కర్లా?"

సాయంత్రం దానమ్మ వచ్చి, పెద్ద టీచరుగారు రమ్మంటున్నారని చెప్పింది. వీరమ్మ కొంగు సర్దుకుని బయల్దేరింది. వెళ్ళి ఆఫీసు గది గుమ్మం బయటే నిలబడింది.

"చిన్నపిల్లండీ, ఇంకోసారి నోరెత్తదండి" అంది ముందుగానే.

సంపూర్ణమ్మగారు కుర్చీ చూపించారు. వీరమ్మ కూర్చోలేదు.

"మీ అమ్మాయి అయిదు పాసయిందా?"

"అయిందండి. రెండేళ్ళయింది."

"మరి మానిపించారేం?"

"హైస్కూలు దూరమండి. పాయ దాటాలి, మళ్ళీ గట్టెమ్మట నడవాలి. ఆడపిల్లని ఎలా పంపుతామండి? నాక్కూడా సాయం కావద్దూ, చేపలు ఆరబెట్టాలంటే?"

"ఇప్పుడు ఎంత దూరం, వీరమ్మగారూ?"

వీరమ్మని 'గారూ' అని ఎవరైనా పిలవడం ఇదే మొదటిసారి. ముందు అది ఆశ్చర్యం. తర్వాత, చాప మీంచి లేచి గుమ్మం దాటితే చాలు వరండాలో బడి ఉందని తట్టి నవ్వొచ్చింది. ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టీచరుగారూ నవ్వేశారు.

"ఇక్కడున్నన్నాళ్ళేనండి మరి" అంది వీరమ్మ.

"సరే. అన్నాళ్ళే."

పద్మశ్రీ ఆరో తరగతిలో చేరింది. తనకంటే పొట్టిగా ఉన్న పిల్లల మధ్య మొదట తల దించుకుని కూర్చునేది. "చేపల వాసన" అని ఒకడు ముక్కు మూసుకుంటే ఏడ్చి తెర వెనక్కి పోయింది. వీరమ్మ బతిమాలలేదు, తిట్టనూ లేదు. కూతురు తనంతట తనే మొహం కడుక్కుని, మధ్యాహ్నం బెల్లుకి మళ్ళీ వెళ్ళి కూర్చుంటే మాత్రం, వీధి గోడ చాటునుంచి చాలాసేపు చూసింది.

శ్రావణమాసంలో వానలు పట్టుకున్నాయి. వరండాలోకి జల్లు కొట్టి పుస్తకాలు తడిసిపోయేవి. సగం రోజులు క్లాసులు జరిగేవి కావు. ఊళ్ళో వాళ్ళకి ఓపిక అయిపోయింది. రైసుమిల్లు దుర్గాప్రసాద్ గారు పేరెంట్స్ కమిటీకి పెద్ద. ఆయన కొడుకు ఆ ఏడు పదో తరగతి. ఒక ఉదయం దుర్గాప్రసాద్ పదిమందిని వెంటేసుకుని బడికి వచ్చాడు.

"మేడంగారూ, జాలి మాకూ ఉందండీ. మొదట్లో బియ్యం పంపించింది నేనే. కానీ ఎన్నాళ్ళండీ? పబ్లిక్ పరీక్షల పిల్లలు వానలో కూర్చుని చదువుతారా? వాళ్ళని ఖాళీ చేయించండి. లేకపోతే మా పిల్లల్ని పామర్రు బడికి పంపించుకుంటాం."

"ఈ వానల్లో వాళ్ళనెక్కడికి పంపమంటారు?"

"అది గవర్నమెంటు చూసుకోవాలండీ. మీరూ నేనూ కాదు."

పాలెం మగాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. పెద్దబ్బాయి మొహం ఎర్రబడింది. ఎవరో ఒకళ్ళు ఒక్క మాట తూలితే గొడవైపోయేలా ఉంది. వీరమ్మ గంప కింద పెట్టి, ముందుకొచ్చింది. ఎందుకొచ్చిందో అప్పటికి తనకే తెలీదు.

"బాబుగారూ, తమరన్నదాంట్లో తప్పేం లేదండి. నా పిల్లా ఆ వరండాలోనే తడుస్తంది. మాకు గోడలు కట్టటం చేతకాదండి. పాకలెయ్యటం చేతనవును. తాటాకులూ, బాదులూ ఇప్పించండి. ఆవరణలో పాక మా మగాళ్ళేస్తారు. మూడు క్లాసులు పట్టేంతది."

దుర్గాప్రసాద్ పెద్దబ్బాయి వైపు చూశాడు. "వేస్తారా?"

"ఆకులు పడితే వారంలో లేపుతాం" అన్నాడు పెద్దబ్బాయి ముభావంగా.

మర్నాడు మిల్లు ట్రాక్టరు మీద సరుగుడు కర్రల బాదులు దిగాయి. రైతులు తలా కొన్ని తాటాకులు తెచ్చి పడేశారు. ఒకాయన తాళ్ళు, ఒకాయన వరిగడ్డి. పాలెం మగాళ్ళు పైన ఎక్కి కడుతుంటే, కింద నిలబడి ఆకులందిస్తున్న వాళ్ళలో దుర్గాప్రసాద్ కొడుకు కూడా ఉన్నాడు. దానమ్మ మళ్ళీ ఆ పెద్ద డేగిసా బయటికి తీసి పులిహోర కలిపింది. పాక లేచేసరికి వారం దాటి ఇంకో రెండ్రోజులు పట్టింది. మొదటి వానకి ఒక మూల కారితే పెద్దబ్బాయి తిట్టుకుంటూ ఎక్కి, ఇంకో వరస కప్పి దిగాడు. పదో తరగతిని గదిలో ఉంచి, ఆరూ ఏడూ పాకలోకి మారాయి. పాలెం పిల్లలు ఇంకో అయిదారుగురు మెల్లిగా వచ్చి వెనక వరసల్లో చేరారు.

సంక్రాంతి వెళ్ళాక పాలెంలో ఇళ్ళు పూర్తయ్యాయని కబురొచ్చింది. అందరూ సంబరపడ్డారు, వీరమ్మ కూడా. సామాను సర్దుతుంటే పద్మశ్రీది ఒకటే పని. సంచిలో పుస్తకాలు పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. వీరమ్మకి అది చూస్తుంటే చేతులాడలేదు. గిన్నెలు అలాగే వదిలేసి దానమ్మ దగ్గరికెళ్ళింది.

"అక్కా, నా పిల్లని పరీక్షలయ్యేదాకా నీ ఇంట్లో ఉంచుకుంటావా? బియ్యం నేనిస్తా."

దానమ్మ చీపురు పక్కన పెట్టింది. "నేను ఉంచుకుంటాలే. మీవాళ్ళు ఊరుకుంటారా?"

ఊరుకోలేదు. పెద్దబ్బాయి గుప్పున మండాడు. "పేటలోనా? పేటలో ఉండి, వాళ్ళ చేతి కూడు తింటదా మన పిల్ల? రేపు కులంలో తలెత్తుకోవద్దూ?"

"గాలివాన రాత్రి గంజి తాగినప్పుడు ఎవరు కాశారని అడిగావా మావా? వొణుకుతా రెండు గిన్నెలు తాగావు. పాక మీద నుంచి దిగి పులిహోర తిన్నావు."

"అప్పుడు ఆపద."

"ఇప్పుడు కాదా? చూడు దాని మొహం."

పెద్దబ్బాయి చూడలేదు. బయటికెళ్ళి ఎడ్లబండిలోకి సామాను ఎత్తడం మొదలుపెట్టాడు. చేపల గంప, చాపలు, వలలు, పద్మశ్రీ రేకుపెట్టె. బండివాడు ఎడ్లని అదిలించబోతున్నాడు. సంపూర్ణమ్మగారు వరండాలో నిలబడి చూస్తున్నారు.

"నాన్నా, నేనుంటా" అంది పద్మశ్రీ. "బాగా భయంగానే ఉంది. అయినా ఉంటా."

పెద్దబ్బాయి ఎడ్ల ముందు అలా నిలబడిపోయాడు. ఆపైన బండి ఎక్కి, వలల కింద ఇరుక్కున్న రేకుపెట్టెని లాగి, భుజాన పెట్టుకుని, పేట వైపు నడిచాడు. దానమ్మ ఇంటి అరుగు మీద దించి, "అన్నం తిన్నాక నీళ్ళు ఎక్కువ తాగదమ్మా ఇది. చెప్పి తాగించాలి" అన్నాడు. ఇంకేం అనడానికి తోచక వెనక్కి తిరిగాడు.

కొత్త ఇంట్లో మొదటి రోజులు వీరమ్మకి గడవలేదు. సిమెంటు గచ్చు, పెంకుల కప్పు, ఎవరి గుమ్మం వాళ్ళకి. చేపలు ఒక్కతే ఆరబెట్టుకునేది. ఉప్పుకి చెయ్యి కోసుకుపోతే కూతురు గుర్తొచ్చి, వెళ్ళి తీసుకొచ్చేద్దామా అనిపించేది. పాలెంలో ఇద్దరు ముగ్గురు దెప్పారు. ఒకామె వీరమ్మ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. వీరమ్మ తాళ్ళకోడులో చేపలమ్మే రోజున దానమ్మ అరుగు మీద కూతురి పక్కన కూర్చుని, అక్కడే తిని వచ్చేది. వచ్చి ఆ సంగతి దాచకుండా చెప్పేది.

ఏప్రిల్‌లో పద్మశ్రీ పరీక్ష పాసై ఇంటికొచ్చింది. లెక్కల్లో క్లాసుకి రెండోది. ఆ వేసవంతా వీరమ్మ గుమ్మంలోకి ఒక్కొక్కరే వచ్చారు, ముందుగా వచ్చింది బుల్లెమ్మ.

"వదినా, మావాణ్ణీ, చిన్నదాన్నీ కూడా పంపుదామనుంది. దానమ్మ ఇల్లు మరీ చిన్నది గదా, అందరూ పడతారా?"

వాకిట్లో వల బాగుచేసుకుంటున్న పెద్దబ్బాయి తల ఎత్తకుండానే అన్నాడు. "పడటం దేనికి? ఆటుపోట్లు చూసుకుంటే పాయలోంచి తాళ్ళకోడు రేవు దాకా పడవ పోద్ది. నేను తెల్లారి ఒడ్డుకొచ్చేది ఎలాగూ ఆ దారినే. సాయంత్రం ఇంకెవరైనా తేవాలి."

"మా ఆయన తెస్తాడు" అంది బుల్లెమ్మ, ఆయన్ని అడగకుండానే.

జూన్‌లో బడి తెరిచిన రోజు పడవ నిండా పిల్లలు. కొత్త నీలం లాగూలు, తడవకుండా నెత్తిన పెట్టుకున్న సంచులు. పద్మశ్రీ చిన్నవాళ్ళని కదలకుండా కూర్చోమని దబాయిస్తోంది. ఆటు తీస్తుండగా బయల్దేరడంతో ఒకచోట పడవ బురదకి ఆనింది. పెద్దబ్బాయి దిగి, నడుంలోతు నీళ్ళలో తోశాడు.

రేవులో దానమ్మ నిలబడి ఉంది. "మొదటి రోజే ఆలస్యమా? టీచరుగారు బెల్లు కొట్టొద్దని ఆపారు మీకోసం. పరిగెత్తండి!"

పిల్లలు గట్టెక్కి పరుగు తీశారు. సంపూర్ణమ్మగారి బడి గేటు అక్కణ్ణుంచి కనబడుతూనే ఉంది. దుర్గాప్రసాద్ మోటారుసైకిలు పక్కకి తీసి దారిచ్చాడు. చెమటోడుతూ చివర్లో పరిగెడుతున్న బుల్లెమ్మ కూతుర్ని చూసి నవ్వాడు.

వీరమ్మ గంప నెత్తికెత్తుకుంది. పెద్దబ్బాయి తడి పంచె పిండుకుంటూ ఇంకా గేటు వైపే చూస్తున్నాడు.

"పోదాం పద మావా, పోటు వచ్చేలోపు నువ్వు కాస్త నిద్రపోవాలి."

"నువ్వెళ్ళు. బెల్లు కొట్టనీ" అన్నాడు.

బెల్లు మోగింది. వీరమ్మ వీధిలోకి తిరిగి, "చేపలమ్మా, చేపలూ!" అని కేకేసింది. ఆ రోజు ఆమె గొంతు ఊరి రెండో చివరిదాకా వినబడింది.