ఊళ్ళో లేని పోలీసు

ఫిలెమోన్‌ను ఊరి పోలీసుగా ఎన్నుకున్న సమయానికి అతను లాస్ ఏంజెలెస్‌లో కార్లు కడుగుతున్నాడు.

మెక్సికోలో, వహాకా కొండల్లోని ఆ ఊళ్ళో ఎన్నికైనవాడు ఏడాదిపాటు జీతం లేకుండా కర్ర పట్టుకుని కాపలా కాయాలి. కాయకపోతే ఇంటి కుళాయి కోసేస్తారు. అప్పుడిక గంట దూరం కిందికి దిగి వాగునీళ్ళు మోసుకోవడమే గతి. అతని భార్య రూఫీనాకు ముగ్గురు పిల్లలు, మంచంలో అత్తగారు, పది టర్కీ కోళ్ళు. వెంటనే ఫోను చేసింది.

“రమ్మంటే వస్తానే. మళ్ళీ ఎలా వెళ్ళను? ఆ సరిహద్దు ఎడారి మీ నాన్న దాటిస్తాడా?” అన్నాడు ఫిలెమోన్.

“మా నాన్న మొదటిసారే వెళ్ళొద్దన్నాడు.”

“నా బదులు ఎవరిచేతైనా చేయించవే.”

“ఎవరిచేత? ఊళ్ళో మిగిలింది తొమ్మిదిమంది మగాళ్ళు. అందరి చేతుల్లోనూ ఇప్పటికే కర్రలున్నాయి, మోకాళ్ళ కోసం.”

రూఫీనా తనే పంచాయతీకి వెళ్ళింది. అధ్యక్షుడు డాన్ క్రిస్పీన్ వయసు డెబ్బై, రంగేసిన ఆయన మీసం వయసు ఇరవై.

“ఆడవాళ్ళ పేరు పుస్తకంలోకి ఎక్కదమ్మాయ్” అన్నాడు.

“ఆయన పేరే ఎక్కించండి. కర్ర నేను పడతాను.”

అలా కుదిరింది. రోజూ పొద్దున్నే కార్యదర్శి అబుందియో “ఫిలెమోన్!” అని పిలుస్తాడు. “హాజరండీ!” అంటుంది రూఫీనా. ఎనిమిది నెలల్లో ఫిలెమోన్ ఇద్దరు తాగుబోతులనూ, పొలంలో పడ్డ ఒక ఎద్దునూ పట్టుకున్నాడు.

ఆగస్టులో పండగొచ్చింది. మిట్టమధ్యాహ్నం, మెస్కాల్ సారా బాగా పట్టించిన డాన్ క్రిస్పీన్ తారాజువ్వలు చేత్తో పట్టుకుని చర్చి గంటకు గురిపెట్టాడు. గంట మోగలేదు. మొదటిది బ్యాండువాళ్ళ పెద్ద బాకాలో దూరింది. రెండోది వంటల పందిట్లోకి దూసుకెళ్ళి, ఊరంతటికీ ఉడుకుతున్న మోలె పులుసు గంగాళాన్ని బోర్లా కొట్టింది.

పండగ చెడగొట్టినవాడు సూర్యాస్తమయం దాకా ఖైదు కొట్లో ఉండాలి. ఆ కట్టుబాటు డాన్ క్రిస్పీన్ పెట్టిందే. రూఫీనా ఆయన్ను చొక్కా పట్టుకుని లాక్కెళ్ళి గడియ వేసింది.

“ఒక ఆడది నన్ను లోపలేస్తుందా?” ఊచల వెనక నుంచి అరిచాడాయన.

“ఆడదెవరండీ? మిమ్మల్ని లోపలేసింది ఫిలెమోన్. పుస్తకం చూసుకోండి.”

పావుగంటలో లాస్ ఏంజెలెస్ నుంచి ఫోను.

“ఒసేయ్, ఏం చేశావే? నేను పడుకునేది ఆయన కొడుకు గదిలో! నా పరుపు మెట్లమీదికి విసిరేశాడు! వదిలెయ్యవే ఆ ముసలాణ్ణి!”

“వదిలేస్తే డ్యూటీ చెయ్యలేదని కుళాయి కోస్తారు. పరుపు దులుపుకో” అని పెట్టేసింది.

పొద్దు కూకగానే గడియ తీసింది. మర్నాడు పొద్దున్నే డాన్ క్రిస్పీన్ సభ పిలిచాడు. ఫిలెమోన్‌ను తీసెయ్యాలి, కుళాయి కొయ్యాలి. అంతే తీర్మానం.

బడి ఆవరణలో జనం కూర్చున్నారు. తొమ్మిదిమంది ముసలాళ్ళు, వలసపోయిన మొగుళ్ళ బదులు, ఎప్పట్లాగే, ముప్పై ఒక్కమంది భార్యలు.

“తీసెయ్యాలనేవాళ్ళు?”

ఆరు చేతులు లేచాయి. అందులో ఒకటి ఆయనదే.

“వద్దనేవాళ్ళు?”

ముప్పై ఒక్క చేతులు లేచాయి. కొన్నిటికి ఇంకా పిండి అంటుకునే ఉంది.

“ఇవి ఆడచేతులు! చెల్లవు!” అన్నాడు డాన్ క్రిస్పీన్.

అబుందియో కలం తీశాడు. “చెల్లవని రాయమంటారా?”

“రాయి!”

“అయితే నిరుడు మిమ్మల్ని అధ్యక్షుణ్ణి చేసినవీ ఈ చేతులేనండీ. మీరూ చెల్లరని దాని కిందే రాసెయ్యనా?”

వెనక వరసలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. డాన్ క్రిస్పీన్ మీసం రెండుసార్లు మెలేశాడు.

“పోనీ... ఆ చేతులు ఎవరివని రాస్తావోయ్?”

“వాళ్ళ మొగుళ్ళవని.”

“రాసి చావు.”

కుళాయి దక్కింది. ఆ రోజు ముప్పై ఒక్కమంది మగవాళ్ళు సభకు హాజరై, ఒక్క గొంతుతో తమ పోలీసును నిలబెట్టుకున్నారని పుస్తకంలో ఉంది. ఆ గంటలో వాళ్ళలో సగంమంది అమెరికా హోటళ్ళలో గిన్నెలు తోముతున్నారు. ఫిలెమోన్ మాత్రం పరుపు భుజానేసుకుని కొత్త గది వెతుక్కుంటున్నాడు.