మంచం పక్కన కుర్చీ

మా ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నం ఆసుపత్రిలో నన్ను కుర్చీలోంచి లేపారు. ఏదో మెషీన్ తేవాలన్నారు. ఆ గదిలో మంచానికీ గోడకీ మధ్య కుర్చీ అయినా పడుతుంది, మెషీన్ అయినా పడుతుంది. రెండూ పట్టవు. "మాస్టారూ, కాస్త బయట కూర్చోండి, అయిదు నిమిషాలే," అంది నర్సు. చిన్నపిల్ల. మా ఆవిడ దగ్గరే చదువుకుంది. వాళ్ళకి అడ్డం కాకూడదని కుర్చీ కూడా నేనే మోసుకొచ్చి, వరండాలో గోడవారగా వేసుకుని కూర్చున్నాను. మెషీన్ బయటికి రాకముందే ఆ పిల్ల బయటికి వచ్చింది. ఆ మొహం చూసి లేచి నిలబడ్డాను.

ఇందులో ఎవరి తప్పూ లేదు. చోటు లేదు, అంతే.

మా ఆవిడ మా ఊరి కాలేజీలో నర్సింగు చెప్పేది. పెద్ద పేరున్న కాలేజీ కాదు. రెండేళ్ళ కోర్సులు. పగలు పనిచేసుకుని సాయంత్రం వచ్చేవాళ్ళు, పిల్లల్ని బడిలో దింపి అటునుంచి అటే పరిగెత్తుకొచ్చే తల్లులు, ఫ్యాక్టరీ మూతపడి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాళ్ళు అక్కడ చదువుకుంటారు. నర్సింగు విభాగం పాత లైబ్రరీ గదుల్లో సర్దుకుని ఉండేది. ప్రాక్టీసు వార్డులో మంచాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. మంచానికో మనిషంత ప్లాస్టిక్ బొమ్మ. అన్నిటికంటే పాత బొమ్మకి పిల్లలు 'బాబాయ్' అని పేరు పెట్టారు. ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా కిక్కురుమనని మనిషి. సాయంత్రం ఆవిడ ఇంటికి రాగానే నేను "బాబాయ్‌కి ఎలా ఉంది?" అని అడిగేవాణ్ణి. "నిలకడగా ఉంది" అనేది. మా ఇంట్లో రోజూ ఉన్న హాస్యం అదొక్కటే.

నర్సింగు, ల్యాబు, ఫిజియోథెరపీ అన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చేలా కొత్త భవనం మంజూరైంది. ప్లాను గీసే పని మా మరదలు పనిచేసే ఆఫీసుకి వచ్చింది. మా ఆవిడకి ఒక్కగానొక్క చెల్లెలు. చిన్నప్పటినుంచీ జుట్టులో పెన్సిలు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అక్క దాన్ని 'పెన్సిలు' అనేది. నాకూ అదే అలవాటైంది.

ఒక ఆదివారం అక్కచెల్లెళ్ళిద్దరూ మా భోజనాల బల్ల మీద వార్డు కట్టారు. అగ్గిపెట్టెలు మంచాలు. ఉప్పు డబ్బా చేతులు కడుక్కునే సింకు. మా ఆవిడ అప్పటికే మందులు వాడుతోంది. మందు సీసాల మూతలు తీసి ప్రతి అగ్గిపెట్టె పక్కనా ఒకటి పెట్టి చూపించింది.

"ఇదేంటక్కా?"

"కుర్చీ."

"బొమ్మలకి చుట్టాలొస్తారా?"

"ఏ ఆసుపత్రిలోనైనా మంచం పక్కన మనిషి ఉండడా? మా పిల్లలు ఇక్కడ మనిషి లేని మంచం దగ్గర పని నేర్చుకుంటారు. అక్కడికి వెళ్ళగానే మొట్టమొదట వాళ్ళ నోట వచ్చే మాట 'లేవండి, జరగండి'. మనిషి కూర్చుని ఉండగా పని చెయ్యడం ఎవరు నేర్పుతారు?"

"సీసా మూతకి నా బిల్డింగులో చోటు లేదు తల్లీ."

"చోటు లేకపోతే మా ఇంట్లో భోజనం కూడా లేదు. బావగారిని అడుగు, వంట ఆయనదే."

"మీ అక్క చెప్పాక నా వంట నేను ఆపేసుకోవాల్సిందే," అన్నాను.

"నువ్వెప్పుడు అక్కకి ఎదురు చెప్పావు గనక," అని పెన్సిలు మూతని బల్ల మీద గిర్రున తిప్పింది. కానీ మాటిచ్చింది. ప్రతి మంచం పక్కనా ఒక కుర్చీ.

ఆవిడ పోయిన కొన్ని నెలలకి పెన్సిలు నేను పనిచేసే బడికి వచ్చింది. నేను పిల్లల లెక్కలు దిద్దుకుంటున్నాను. ఎదురుగా బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఎనిమిది మంచాలు కావాలంటున్నారు బావా. నేను ఆరు గీశాను. సీటు దొరక్క ఎదురుచూసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారట. ఆయన చెప్పేదీ అబద్ధం కాదు."

"మరి కుర్చీ?"

"పెట్టాను. కిందామీదా పడి ఎనిమిదీ పట్టించాను, కుర్చీలూ పట్టించాను. అక్కకిచ్చిన మాట తప్పలేదు." ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. "ఎల్లుండి కాలేజీ జిమ్‌లో నేల మీద టేపు అంటించి, గది ఎంతుంటుందో అంతా నిజం కొలతల్లో వేస్తున్నాం. అందరూ అందులో నడిచి చూస్తారు. అది అయ్యాక మార్పులుండవు. పేషెంటు తాలూకు మనిషిగా ఎవరో ఒకరు కూర్చోవాలి."

నేను ఎర్ర కలానికి మూత పెట్టాను.

"రావాలని లేదు. వద్దంటే ఇంకెవరినైనా..."

"వస్తాను," అన్నాను.

జిమ్ నేలంతా నీలం టేపు. గోడలు టేపే, తలుపులు టేపే, సింకులు టేపే. కాలేజీవాళ్ళు లేని తలుపు తోసుకుంటూ మరీ లోపలికి వస్తున్నారు. ఎవరో మర్చిపోయి గోడలోంచి నడిచొస్తే అందరూ గొల్లుమన్నారు. మధ్యలో ఒక నిజం మంచం, దాని మీద బాబాయ్. మంచాన్ని తోయడానికి రెండో సంవత్సరం విద్యార్థిని ఒకావిడ నిలబడింది. అంతకు ముందు చాలా ఏళ్ళు బస్సు నడిపింది, అందుకే అందరూ డ్రైవరమ్మ అంటారు. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. "మేడమ్ గారు నాకు మూడుసార్లు ప్రాక్టికల్ మళ్ళీ చేయించారు మాస్టారూ. తిట్టకుండానే ఏడిపించేవారు," అని కళ్ళు తుడుచుకుని, వెంటనే మంచం బ్రేకు తీసింది.

మడత కుర్చీ ఒకటి తెచ్చి మంచం పక్కన టేపుతో గీసిన చిన్న చదరంలో వేశారు. నేను కూర్చున్నాను. నా ఎదురుగా బాబాయ్ చెయ్యి దుప్పటి మీద ఉంది. వేళ్ళ దగ్గర రంగు పోయింది.

"పేషెంటుని అర్జంటుగా స్కానింగుకి తీసుకెళ్ళాలి," అని పెన్సిలు చేతిలో కాగితం చూసి చదివింది. డ్రైవరమ్మ మంచాన్ని ముందుకి లాగి తిప్పబోతూ, "మాస్టారూ, కాస్త లేవండి," అంది.

లేచాను. కుర్చీ మడిచి చేత్తో పట్టుకుని, అడ్డం కాకుండా టేపు దాటి బయట నిలబడ్డాను. మంచం చక్కగా తిరిగి తలుపులోంచి వెళ్ళింది.

"పట్టింది!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. చప్పట్లు కొట్టారు. పెన్సిలు భుజాలు తేలికపడటం నాకు అక్కడినుంచే కనిపించింది.

నేను కుర్చీ పట్టుకుని ఎక్కడ నిలబడ్డానో అప్పుడు చూసుకున్నాను. వరండా అని టేపు మీద రాసి ఉంది.

"ఇంకొక్కసారి చేద్దామండి," అన్నాను.

"ఎందుకు మాస్టారూ, బాగానే ఉందిగా?"

"ఒక్కసారి."

మంచాన్ని మళ్ళీ తెచ్చారు. నేను కుర్చీ విప్పి, అదే చదరంలో వేసి కూర్చున్నాను. డ్రైవరమ్మ లాగింది. తిప్పబోయింది. "కాస్త..." అని ఆగింది.

"లేవనమ్మా," అన్నాను. "నేను కూర్చునే ఉంటాను. మీ పని మీరు చెయ్యండి."

ఆవిడ మెల్లగా తిప్పింది. మంచం చివర వచ్చి నా మోకాళ్ళకి ఆనింది. వెనక్కి లాగి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ ఆనింది. నొప్పేమీ లేదు. మెత్తగానే ఆనింది.

ప్రిన్సిపాల్ గారు దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నారు. "మాస్టారూ, నిజం ఆసుపత్రిలో కూడా ఒక్క నిమిషం లేవమంటారు కదా."

"అంటారండి. నన్నూ అన్నారు."

 ఆ రోజు ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో ఆయనా ఉన్నారు.

పెన్సిలు వచ్చి నా ముందు నేల మీద గొంతుక్కూర్చుంది. నా మోకాళ్ళకీ టేపుకీ మధ్య అరచెయ్యి పెట్టి చూసింది. నా మోకాళ్ళు చదరం దాటి బయటికి ఉన్నాయి.

"కుర్చీకి చోటు వదిలాను బావా," అంది. "కూర్చున్న మనిషికి వదల్లేదు. ఖాళీ కుర్చీ గీశాను." అరచెయ్యి వెనక్కి తీసుకుంది. "అక్క చెబుతూనే ఉంది, మనిషి అని."

"ఆరుకి తగ్గిస్తే నేను బయటున్నవాళ్ళకి ఏం మొహం చూపించను?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు.

"ఇంకో ట్రిప్పు వెయ్యండి సార్," అంది డ్రైవరమ్మ మంచం మీద మోచేతులు ఆనించి. "బస్సు చాలకపోతే ట్రిప్పు పెంచుతాం గానీ, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు కోస్తామా? పొద్దున బ్యాచ్ పెట్టండి. నేనే వస్తా, ఎలాగూ నాలుగింటికే మెలకువొచ్చే జబ్బు నాకు."

"నువ్వు వస్తావు. పాఠం చెప్పేవాళ్ళెవరు?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అదీ నేనే చెప్పనా?"

అందరూ నవ్వారు. పెన్సిలు నవ్వలేదు. గోరుతో నేల మీద టేపు లాగుతోంది. ఒక గోడ లేచింది. వార్డు పక్కన దుప్పట్లు పెట్టే గది గోడ అది. దాన్ని అవతలికి జరిపి అంటించింది, మళ్ళీ తీసి ఇంకాస్త జరిపింది. ఒక మంచం చదరాన్ని పూర్తిగా పీకి ఉండలా చుట్టి జేబులో వేసుకుంది. "దుప్పట్లు అల్మారాల్లో పెడితే ఏడు వస్తాయి సార్. కుర్చీలతో. మోకాళ్ళతో," అంది.

మూడోసారి డ్రైవరమ్మ మంచం తిప్పింది. బాబాయ్ నా ముందునుంచి తాపీగా వెళ్ళిపోయాడు. నేను కదలలేదు. ఎవరూ కదలమనలేదు.

ప్రిన్సిపాల్ గారు కాసేపు ఆ ఖాళీ చోటుని చూశారు. "ఏడు," అన్నారు. "పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను."

అందరూ టీకి వెళ్ళారు. నాకు లేవబుద్ధి కాలేదు. డ్రైవరమ్మ, అడక్కుండానే, మంచాన్ని మళ్ళీ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది. పెన్సిలు మంచం కోడుకి ఆనుకుని నేల మీద కూర్చుంది.

"ఇంక లేవొచ్చు బావా."

"కాసేపు ఉండనీ."

జుట్టులోంచి పెన్సిలు తీసి మళ్ళీ గుచ్చుకుంది. అటు తిరిగి అడిగింది. "బాబాయ్‌కి ఎలా ఉంది?"

ఆ మాట దానికి ఎలా తెలుసో నేను అడగలేదు. అక్క చెప్పి ఉంటుంది. చెల్లెలికి చెప్పని సంగతులు ఆవిడ దగ్గర లేవు.

"నిలకడగా ఉంది," అన్నాను.



కొత్త భవనానికి పునాదులు తవ్వడం మొదలైంది. బడికి వెళ్ళే దారిలోనే కాబట్టి రోజూ చూస్తాను. చివరి ప్లానులో ఒక్కో మంచం పక్కనా చిన్న చదరం ఉంది. దాని ముందు రెండు పొట్టి గీతలు కూడా ఉన్నాయి. అవేమిటని మేస్త్రీ అడిగితే పెన్సిలు మోకాళ్ళు అని చెప్పిందట. ఆయన ఆ మాటని పనివాళ్ళందరికీ చెప్పి నవ్వించాడట. భోజనాల బల్ల మీది అగ్గిపెట్టెలు తీసేశాను. సీసా మూతలు మాత్రం ఉన్నాయి. తినేటప్పుడు కంచం కొంచెం పక్కకి జరుపుకుంటాను.

పాత ప్రాక్టీసు వార్డులోకి కుర్చీల నమూనాలు వచ్చాయి. చేతులున్నది ఒకటి, లేనిది ఒకటి, వెనక్కి వాలేది ఒకటి. వాటిలో ఏది కొనాలో తేల్చేది నేనే అంది పెన్సిలు. "అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నవాడివి నువ్వు. ఒక్కోదాంట్లో ఓ పూట కూర్చుని చూసి చెప్పు. తొందరేం లేదు, కానీ మరీ నా తల నెరిసేదాకా ఆగకు," అంది.

సరే అన్నాను. వార్డు తాళంచెవి కూడా తెచ్చి ఇచ్చింది. రెండుసార్లు ఆ తలుపుదాకా వెళ్ళి తిరిగొచ్చాను.

కుర్చీ ఇంకా ఎంచుకోలేదు.