కూర్చునే చోట ఎంత?

దక్షిణామూర్తి మోకాళ్ళ మీద వంగి ఫ్రిజ్ వెనక్కి చెయ్యి పెట్టాడు. చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. వేళ్ళకు ముందు దుమ్ము తగిలింది, తర్వాత ఎండిన కరివేపాకు రెమ్మ, ఆ తర్వాత వెచ్చగా మోడెం. మెల్లగా బయటికి లాగాడు. నల్ల డబ్బా నెత్తిన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. గాలి ఆడాల్సిన సన్న కంతలు సగం పసుపుతోనే పూడిపోయాయి.

"దీన్నిక్కడ ఎవరు పెట్టారండీ?"

"నేనే," అన్నారు జనార్ధనరావు గారు, కాస్త గర్వంగానే. "ఆగ్నేయం కదా. కరెంటు సామాను ఆగ్నేయంలోనే ఉండాలి. ఇల్లు కొన్న రోజే దిక్సూచి పెట్టి చూసుకున్నాను."

ఆయన ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన ప్రొఫెసరు. కెనడాలో ఈ కనాటా ఇంట్లోకి వచ్చాక నాలుగేళ్ళలో మూడు ఇంటర్నెట్ కంపెనీలు మార్చారు. మూడూ పనికిమాలినవేనని తీర్పు చెప్పారు. మూడింటి డబ్బాల్నీ ఈ ఫ్రిజ్ వెనకే ప్రతిష్ఠించారు.

చిన్నగదిలో కిటికీ పక్క కుర్చీలోంచి ఆయన భార్య వైదేహి గొంతు వినిపించింది. "నా గోడు కూడా కాస్త వినవయ్యా! మోకాలి ఆపరేషనయ్యాక వీడియోలో ఎక్సర్‌సైజులు చేయిస్తారు. కాలెత్తమంటాడు, అక్కడే బిగుసుకుపోతాడు. దించమని వాడు చెప్పేదాకా నేను ఎత్తే ఉంచాలి. నిన్న అయిదు నిమిషాలు ఎత్తి కూర్చున్నా."

దక్షిణామూర్తి నవ్వాడు. నవ్వితే అతని మీసం ఒక పక్కకే లేస్తుంది. అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి అరచేతులు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే మంచు బూట్లు విప్పేస్తాడు. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగులు వాడడు. ఎడమ కాలి మేజోడుకు బొటనవేలి దగ్గర భార్య సూర్యకుమారి వేసిన రఫ్ఫు ఉంది.

కంపెనీ పద్ధతి చాలా తేలిక. మోడెంకు వైరు తగిలించాలి, స్పీడు కొలిచే మీటరు పెట్టాలి, వచ్చిన అంకె రాసుకోవాలి, ఇంకా పెద్ద ప్లాను అంటగట్టి రావాలి. దక్షిణామూర్తి పద్ధతి వేరు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. సామర్లకోట టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్‌మన్‌గా ఉన్న రోజుల్లో కూడా స్తంభం దిగి అలాగే వెళ్ళిపోయేవాడు కాదు. ఆ ఇంట్లోకి వెళ్ళి, ఇంటాయన కూర్చునే కుర్చీలో కూర్చుని, ఎవరికో ఒకరికి ఫోన్ కలిపి, మాట వినపడితేనే లేచేవాడు. కెనడా వచ్చి పందొమ్మిదేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

డబ్బా దగ్గర మీటరు పెట్టాడు. తొమ్మిది వందల నలభై. కంపెనీ కాగితంలో రాసిచ్చిన అంకె అదే, చక్కగా వస్తోంది. భోజనాల బల్ల దగ్గర రెండు వందల పది. చిన్నగదిలో వైదేహి కుర్చీ దగ్గర తొమ్మిది.

"ఎంతా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"తొమ్మిదండి."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ!" అంది వైదేహి.

"ఊరు బాగానే ఉందమ్మా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మధ్యలో ఈ ఫ్రిజ్ అడ్డం కూర్చుంది. దాని పక్కన మీ బియ్యం డ్రమ్ము, పప్పుల స్టీలు డబ్బాలు. ఇన్ని ఇనప సామాన్లు దాటుకుని మీ కుర్చీ దాకా ఏం వస్తుంది?"

డబ్బాను హాల్లోకి మారుస్తానంటే ప్రొఫెసరు గారి ముఖం ముడుచుకుంది. దక్షిణామూర్తి గొంతు తగ్గించి, "హాల్లో కూడా ఆగ్నేయం మూలే చూసి పెడతాను సార్. గదిగదికీ ఒక ఆగ్నేయం ఉంటుంది కదా," అన్నాడు.

ప్రొఫెసరు గారు ఆలోచించారు. "అదీ నిజమేలే."

గోడ అంచు వెంట ముప్ఫై అడుగుల వైరు లాగి, క్లిప్పులు నొక్కి, డబ్బాను పుస్తకాల బీరువా మీదికి చేర్చేసరికి గంట పట్టింది. పసుపును పాత టూత్‌బ్రష్‌తో దులిపి, బొట్టు మాత్రం చెరపకుండా వదిలాడు. వైదేహి కుర్చీ దగ్గర మళ్ళీ కొలిస్తే మూడు వందల పది వచ్చింది. ఆవిడ ఫోన్‌లో ఎక్సర్‌సైజు వీడియో పెట్టుకుని, కాలెత్తి, దించి, "దించమన్నాడు!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇంతకీ పెద్ద ప్లాను తీసుకోమంటావా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"వద్దండి. ఇప్పుడున్నదానికన్నా చిన్నది తీసుకున్నా మీ ఇద్దరికీ తేడా తెలీదు."

ఇలాంటి మాటలే అతని కొంప మీదికి తెచ్చాయి.

వ్యాన్‌లో కూర్చుని పెరుగన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. అవతల మేనేజరు రేవంత్, వీడియోలో. రేవంత్‌ది నిజామాబాద్. పదేళ్ళ కిందట కాలేజీలో చదువుకుంటూ పార్ట్‌టైం పనికి చేరినప్పుడు అతనికి వైరు చివర ఎలా బిగించాలో నేర్పింది దక్షిణామూర్తే.

"అంకుల్... నాలుగింటికి... లెటర్ మీద..." ముఖం గళ్ళుగళ్ళుగా చీలి నోరు తెరిచినట్టే ఆగిపోయింది. మళ్ళీ కదిలింది. "...సైన్ చేస్తే అయిపోతది అంకుల్. వినవడుతుందా?"

"సగం వినపడుతోంది."

"ఆఫీస్‌ల నెట్ జర... నాలుగింటికి రండి." ఫోన్ ఆగిపోయింది.

ఆ లెటరు సంగతి ఇది. కిందటి నెల ఆదివారాలు తన వీధిలోని పన్నెండిళ్ళకు దక్షిణామూర్తి సొంత పనిగా వెళ్ళాడు. ఆ ఇళ్ళల్లో మూడు కంపెనీల కనెక్షన్లున్నాయి. ఒక్కో ఇంట్లో డబ్బా ఎక్కడ పెట్టారు, డబ్బా దగ్గర స్పీడెంత, మనిషి కూర్చునే చోట ఎంత అని కొలిచి పట్టిక రాశాడు. తీరా చూస్తే, అన్నిటికన్నా గొప్ప ప్లాను ఉన్నవాళ్ళు బేస్‌మెంట్‌లో ఇల్లు వేడి చేసే ఫర్నేస్ పక్కన డబ్బా పెట్టుకుని కుర్చీలో ముప్ఫైతో కొట్టుకుంటున్నారు. చవక కనెక్షన్ పెట్టుకుని డబ్బాను హాల్లో ఉంచిన కుర్రాళ్ళకు నూట ఇరవై వస్తోంది. ఆ పట్టికను ఇండియన్ గ్రోసరీ షాపు నోటీసు బోర్డుకు గుచ్చాడు. జనం ఫొటోలు తీసుకుని ఒకరికొకరు పంపుకున్నారు. పెద్ద ప్లాన్లు వదిలేసి చిన్నవాటికి మారడం మొదలుపెట్టారు. కంపెనీకి మండింది. 'నా కొలతలు తప్పు, నా పద్ధతి తప్పు' అని సంతకం పెట్టమంది. పెట్టకపోతే ఉద్యోగానికి ఇవాళే ఆఖరు రోజు. రిటైర్మెంటుకు ఇంకా పదకొండు నెలలే ఉంది.

పొద్దున బయల్దేరేటప్పుడు సూర్యకుమారి తలుపు దగ్గర నిలబడి ఒకే మాట అంది. "మీకు తోచింది చేయండి. అబద్ధం మీద సంతకం పెట్టొచ్చి మాత్రం, నా కాఫీలో పంచదార తక్కువైందని పేచీ పెట్టకండి."

పెరుగన్నం సగంలో ఆపేశాడు. భయం వేసింది. ఎందుకు వేయదు? ఈ వ్యాను తప్ప ఈ దేశంలో అతనికి మరో చోటు తెలియదు. పొద్దున్నే ఇంజను వేడెక్కేదాకా చేతులు రుద్దుకుంటూ కూర్చోవడం, పిలిచినవాళ్ళింటికి వెళ్ళడం, వంగడం, పాకడం, లేవడం, ఇంతే అతని బతుకు. చేసిన ఘనకార్యాలేమీ లేవు. ఒక్కటి మాత్రం ఉంది. అతను రాసిన అంకె ఏనాడూ అబద్ధం కాలేదు.

రెండున్నరకు గ్రోసరీ షాపు ముందు వ్యాను ఆపాడు. బోర్డు మీద ఇడ్లీ పిండి ప్రకటనకూ, 'బేస్‌మెంట్ అద్దెకు, వెజిటేరియన్లకు మాత్రమే' అన్న కాగితానికీ మధ్య అతని పట్టిక ఉంది. ఆఫీసుకు వచ్చేటప్పుడు దాన్ని పీక్కొని తెమ్మని కూడా పురమాయించారు. అంచు పట్టుకున్నాడు. పన్నెండు వరసలూ ఒకసారి చదివాడు. తర్వాత చెవి మీది పెన్సిలు తీసి, కింద పదమూడో వరస చేర్చాడు. 'ఫ్రిజ్ వెనక: కుర్చీలో 9. అదే కంపెనీ, అదే ప్లాను, హాల్లో: కుర్చీలో 310.' వదులైన గుండు పిన్నును బొటనవేలితో గట్టిగా నొక్కి బయటికి వచ్చాడు.

నాలుగింటికి ఆఫీసులో రేవంత్ కాగితాన్ని బల్ల మీదుగా అతని వైపు జరిపాడు. పెన్ను కూడా పెట్టాడు.

"మీకెందుకంకుల్ ఈ లొల్లి? గోడలు అడ్డమొస్తే కంపెనీ ఏం చేస్తది?"

"గోడల్లేని ఇంట్లో ఎవడుంటాడు నాయనా?"

రేవంత్ తల దించుకున్నాడు. "నేను పైవాళ్ళకి ఏం చెప్పాలె? పదకొండు నెలలు గడిస్తే కేక్ కట్ చేసి మంచిగ పంపిస్తం. ఒక్క సైన్ అంకుల్. నా కోసం."

నా కోసం అన్న మాట గుచ్చుకుంది. వీడి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. దక్షిణామూర్తి కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. లేచి బల్ల చుట్టూ తిరిగి రేవంత్ పక్కకు వచ్చాడు.

"ఒక్కసారి లే."

"ఏందంకుల్?"

"లే నాన్నా. నీ ఫోన్ కూడా మధ్యాహ్నం తెగిపోయింది కదా."

రేవంత్ లేచాడు. దక్షిణామూర్తి ఆ కుర్చీలో కూర్చుని, మీటరు ఒళ్ళో పెట్టుకుని మీట నొక్కాడు. అంకె పైకి లేచి, పడి, ఒక చోట నిలిచింది. ఇద్దరూ చూశారు. కంపెనీ ఇచ్చిన పెన్నును దక్షిణామూర్తి ముట్టుకోలేదు. చెవి మీది పెన్సిలు తీసి కాగితం మీద ఏదో రాశాడు.

"నాది తప్పు కొలతంటున్నారు కదా. మీ పైవాళ్ళను వచ్చి ఇదే కుర్చీలో కొలుచుకోమను."

వ్యాను తాళాలు, మీటరు, మెడలోని గుర్తింపు కార్డు వరసగా బల్ల మీద పెట్టాడు. కోటు జిప్పు గడ్డం దాకా లాక్కున్నాడు.

"అంకుల్, బయట మైనస్ ఇరవై రెండుంది. నేను డ్రాప్ చేస్తా."

"బస్సుంది. నువ్వు మాత్రం మీ ఆఫీసు డబ్బాను ఆ ఇనప బీరువా వెనక నుంచి తీయించు. నీ ఫోన్లు బాగా వినపడతాయి."

అతని వెనక తలుపు మూసుకుంది. కిటికీలోంచి చూస్తే మంచులో బస్‌స్టాప్ వైపు నడుస్తున్న పొట్టి మనిషి కనిపించాడు. తలెత్తుకునే నడుస్తున్నాడు. బల్ల మీద కాగితం అలాగే ఉంది, సంతకం పెట్టాల్సిన గీత మీద పెన్సిలు అక్షరాలతో: 'రేవంత్ కూర్చునే చోట, 6.'