కనబడుతున్నారు, అంతే

“పిన్నీ, ఈ కాజాలు షికారుకు బయల్దేరినట్టున్నాయి, చూశావా?” అన్నాడు టైలరు మాస్టరు, చొక్కాను బల్ల మీద పరిచి.

అతను విసుక్కునే మనిషి కాదు. అతని తండ్రి కాలం నుంచీ ఆ దుకాణానికి కాజాలు కుట్టేది ఆవిడే. ముప్పై ఎనిమిదేళ్ళు. మిషను కాజాలు వచ్చాక కూడా, మంచి గుడ్డ తెచ్చుకున్నవాళ్ళు చేతికాజాలే కావాలని పట్టుబట్టేవారు. అలాంటి చొక్కాలను మాస్టరు సంచిలో వేసి ఇచ్చేవాడు. వంటకీ అంట్లకీ, ఉతుకుడికీ ఆరవేతకీ మధ్య దొరికిన సందుల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, దారానికి మైనం రాసి, మాస్టరు గీసిన సుద్దగీత మీద గుడ్డను కోసి, ఆ కోత అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోయేది. ఇంట్లో దాన్ని ఎవరూ పని అనలేదు. “కూర్చుని చేసేదేగా” అనేవాడు భర్త. నిలబడి చేసేదాన్నీ ఆయన పని అనలేదు, అది వేరే సంగతి.

చొక్కా ముందుపట్టీ మీద ఆరు కాజాలు ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉండాలి. మూడోది ఎడమకు జరిగింది, నాలుగోది ఇంకా జరిగింది, అయిదోది సిగ్గుపడి వెనక్కి వచ్చింది.

“గీతే వంకరగా ఉంది నాయనా. నేనే కాస్త సర్దాను” అంది ఆవిడ.

మాస్టరు ఇనప స్కేలు తెచ్చి, ఇంకా చెరగని సుద్దగీత పక్కన పెట్టాడు. “నువ్వే చూడు పిన్నీ.”

ఆవిడ చూసింది. స్కేలు కూడా వంగి ఉంది. ఎలుకను మింగిన పాములా మధ్యలో ఉబ్బి ఉంది. గీత వంగొచ్చు, చెయ్యి వణికిందనుకోవచ్చు. ఇనుము ఎలా వంగుతుంది?

మాస్టరు గీసిన గీత ఎప్పుడైనా పక్కకు పోతే ఆవిడ సర్ది కుట్టేసేది. అతని తండ్రి గీసినవీ అంతే. తప్పు గీశారని ఏనాడూ చెప్పలేదు. చెబితే మగవాళ్ళకు ముఖం మాడుతుంది, ఆ మాడిన ముఖాన్ని మళ్ళీ మనమే చల్లబరచాలి. అంతకంటే సర్దేయడం తేలిక. ఇంట్లో కూర ఉప్పన అయినా, మాట ఉప్పన అయినా సర్దేసేది. కాపురానికి వచ్చేటప్పుడు తల్లి చెప్పిన బుద్ధి ఒకటే, సర్దుకుపొమ్మని. అలా సర్దీ సర్దీ ఆ చేతికి ఎంత అలవాటైపోయిందంటే, ఇప్పుడు తిన్నగా ఉన్న గీతను కూడా సర్దేసింది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కాజా కోశాక వెనక్కి లేదు, గుడ్డకు పడ్డ కోత పూడదు. ఆ చొక్కా ఎవరిదో గాని పాడైపోయింది.

“ముందు కళ్ళు చూపించుకో పిన్నీ. పని ఎక్కడికి పోతుంది” అన్నాడు మాస్టరు. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆవిడ ఖాళీ సంచితో ఇంటికి నడిచింది. ఖాళీ సంచి బరువుగా ఉంటుందని ఎవరైనా అంటే అదివరకు నవ్వేదేమో.

భర్తకు చెప్పింది. ఆయన పేపరు దించకుండా, ఈ వయసులో కళ్ళు కాకపోతే ఏం పోతాయి, అద్దాలు తుడుచుకో అన్నాడు. ఆవిడ అద్దాలు తుడుచుకుంది. అయినా గుమ్మం లోపలికి వంగినట్టే ఉంది. గచ్చు మీద పలకల గీతలు నీళ్ళలో పడ్డ దారాల్లా కదిలాయి. భర్త ముఖం వంక సూటిగా చూస్తే నడుమ భాగం ఉండేది కాదు. చెవులు రెండూ, నుదురూ, చుట్టూ జుట్టూ ఉండేవి, ముక్కూ నోరూ ఉండాల్సిన చోట బూడిదరంగు మసక. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళకు మొదటిసారి ఆయన నోరు కనబడకుండా పోయింది గాని, మాట మాత్రం ఎప్పటిలాగే వినబడుతూనే ఉంది.

అది సరే, ముసలితనం అనుకుంది. తర్వాత వాళ్ళు వచ్చారు.

ఒక ఉదయం పొయ్యి దగ్గర పాలగిన్నె దించుతుంటే గోడ వారన నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మోకాలంత ఎత్తు. బూడిదరంగు పొడుగు కోట్లు వేసుకున్నారు. ఆవిడ భయపడటానికి ముందు కోట్లనే చూసింది. ఒక్కో కోటుకు తొమ్మిది గుండీలు, తొమ్మిది కాజాలు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. ఇంట్లో చెంచా కూడా మసగ్గా కనబడుతున్న రోజుల్లో ఆ కాజాల ముళ్ళు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టం. వాళ్ళు ఆవిడ వంక చూడలేదు. పెదవి కదపలేదు. ఊరికే నిలబడ్డారు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసి తెరిచేసరికి లేరు. మర్నాడు మళ్ళీ వచ్చారు, ఈసారి ఏడుగురు. లేరని ఆవిడకు తెలుసు. చెయ్యి పెడితే గోడే తగిలింది. వారం తిరిగేసరికి భయం అరిగిపోయి విసుగు మిగిలింది. ఇంతమంది వచ్చి వంటింట్లో నిలబడతారు, ఒక్కతీ ఒక గిన్నె అందించదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఈ ఇంట్లో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇరవై రెండేళ్ళ కిందట అత్తగారికి కూడా ఇలాగే మొదలైంది. ఆవిడకు చూపు సన్నగిల్లిన కాలం అది. మంచం మీద కాళ్ళ వైపు పిల్లలు వచ్చి కూర్చుంటున్నారనేది, టోపీలు పెట్టుకుని, ముద్దుగా, కుదురుగా. “ఏమే అమ్మాయ్, వాళ్ళను కాస్త జరగమను, కాళ్ళు చాపుకోవాలి” అనేది. మొదట అందరూ నవ్వారు. తర్వాత నవ్వు రాలేదు. ఒకరోజు వచ్చిన చుట్టాల ముందు ఆ మాట అన్నప్పుడు భర్త ముఖం ఎర్రబడింది. అమ్మకు మతి చలించిందన్నాడు. ఊరి చివర అలాంటి ముసలివాళ్ళను ఉంచుకునే ఇల్లు ఒకటి ఉందని కనుక్కున్నాడు. “అక్కడ బాగా చూసుకుంటారట” అన్నాడు. అత్తగారి బట్టలూ దువ్వెనా పెట్టెలో సర్దింది కోడలైన ఈవిడే. పెట్టె మూత వేస్తుంటే అత్తగారు మంచం మీద కూర్చుని చూస్తూ, “ఎన్నాళ్ళకు సర్దుతున్నావే?” అని అడిగింది. నాలుగు రోజులకే అత్తయ్యా అంది ఈవిడ. ఏడాదిన్నర తర్వాత ఆ పెట్టె ఒక్కటే వెనక్కి వచ్చింది. పంపిన రోజు బండి కదిలేటప్పుడు అత్తగారు చెయ్యి ఊపలేదు. ఎటు ఊపాలో కనబడక కాబోలు, ఆ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. చాలామందిని సాగనంపింది ఈవిడ తన జీవితంలో, గుమ్మంలో నిలబడి, వీధి మలుపు తిరిగేదాకా. కలలోకి వచ్చేది మాత్రం ఆ ఊపని చెయ్యే.

అందుకని నోరు మూసుకుంది. కాని మూసుకున్న నోరు ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. మరుగుతున్న గిన్నె పట్టుకుని తిరిగిన ఒక సాయంత్రం కాళ్ళకడ్డంగా నిలబడ్డ ఆ ఆడవాళ్ళతో, “జరగండర్రా, ఒంటి మీద పడుతుంది” అనేసింది. గుమ్మంలో ఈవిడ కోడలు ఉంది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చింది, భుజాన సంచి కూడా దించలేదు.

“ఎవరితో అత్తయ్యా?”

“ఎవరితోనూ కాదు.”

కోడలు వంటిల్లంతా చూసింది. మరో రెండు రోజులకు ఆవిడ, ఖాళీ కుర్చీ మీద కూర్చున్న ఒకామెను తప్పించి నేల మీద కూర్చుంటూ భర్త కంట పడింది. ఆ మధ్యాహ్నం ముందుగదిలో ఆయన కొడుకుతో గొంతు తగ్గించి మాట్లాడటం వినబడింది. ఆయన గొంతు తగ్గించడం చాలా అరుదు. పదిమందికీ వినబడేలా తిట్టగల మనిషి రహస్యం మొదలుపెడితే అది మన గురించే అయి ఉంటుంది. కొడుకు ఏమన్నాడో తెలియలేదు. భర్త అన్న ఒక్క వాక్యం మాత్రం తలుపు కింద నుంచి వచ్చింది. “అక్కడ బాగా చూసుకుంటారు.”

ఆవిడ కూర తరుగుతున్న చెయ్యి ఆపలేదు. ఆపితే ఏమిటని అడుగుతారు. అడిగితే చెప్పాలి. గోడ వారన ఆడవాళ్ళు నిలబడే ఉన్నారు, గుండీలన్నీ పెట్టుకుని, ఎక్కడికో బయల్దేరినవాళ్ళలా.

మర్నాడు కోడలు ఆవిడ గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. నిలబడే ఉంది. మామయ్యగారు మీ బట్టలు నాలుగు జతలు సర్దమన్నారు అంది, కిటికీ వైపు చూస్తూ. నాలుగు రోజులకేనట.

నాలుగు రోజులు. ఆ లెక్క ఈవిడ అత్తగారికి చెప్పినదే. ఈవిడకు కోడలి మీద కోపం రాలేదు. ఆ పిల్ల ముఖం నడుమ మసకే గాని, నిలబడ్డ తీరు తెలుస్తోంది. పెట్టె మూత పట్టుకున్న రోజున తను నిలబడ్డదీ అలాగే.

“నీకేమనిపిస్తోంది? నాకు పిచ్చా?”

“తెలీదత్తయ్యా.”

“నాకూ తెలీదు. మీ మామయ్యకు మాత్రం తెలిసిపోయింది. ఒక పూట సెలవు పెట్టు. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. అక్కడ కూడా పిచ్చే అంటే నువ్వు సర్దు, మూత నేనే వేసుకుంటాను.”

కోడలు కిందటి నెలే బిడ్డ జ్వరానికి సెలవులన్నీ వాడేసింది. అయినా మధ్యాహ్నం నుంచి తలనొప్పని చెప్పి వచ్చింది. అబద్ధమాడి పుణ్యం కట్టుకుంది.

కంటి డాక్టరు చిన్నపిల్ల. మందు వేసి, దీపం పెట్టి, గళ్ళు గీసిన కాగితం చూపించి, గీతలు తిన్నగా ఉన్నాయా అని అడిగింది. లేవు, మధ్యలో గుంటలో పడ్డట్టున్నాయి అంది ఈవిడ. కంటి వెనక పొర చెడిందనీ, ఒక కంటికి సూదిమందుతో ఉన్న చూపైనా నిలుస్తుందనీ, రెండో కంటికి ఆలస్యమైందనీ డాక్టరు చెప్పింది. చెబుతూ చెబుతూ, పేరూ వయసూ అడిగినంత మామూలుగా అడిగింది.

“లేనివి ఏమైనా కనబడుతున్నాయా అమ్మా? మనుషులు, పిల్లలు, పూలు?”

ఈవిడ కోడలి వంక తిరిగింది. తర్వాత చెప్పింది. కోట్లూ, గుండీలూ, అన్నీ.

“మాట్లాడతారా?”

“లేదు.”

“వాళ్ళు నిజంగా లేరని మీకు తెలుసా?”

“తెలుసు. కనబడుతున్నారు, అంతే.”

ఆ మాట నోటి నుంచి వస్తుండగానే గుర్తుపట్టింది. అది తన మాట కాదు. పెట్టె సర్దిన రోజు అత్తగారు అన్న మాట. “వాళ్ళు లేరని నాకు తెలుసే అమ్మాయ్. కనబడుతున్నారు, అంతే” అంది ఆ మనిషి, అక్షరం పొల్లు పోకుండా. అప్పుడు ఈవిడ దువ్వెన కోసం వెతుకుతోంది.

డాక్టరు చెబుతూనే ఉంది. కన్ను పంపాల్సినవి పంపకపోతే మెదడు ఆ ఖాళీలో తనే బొమ్మలు వేసుకుంటుందట. చూపు తగ్గిన పెద్దవాళ్ళలో చాలామందికి వస్తుందట, పిచ్చంటారని భయపడి ఎవరూ చెప్పరట. మీ మతికేమీ కాలేదమ్మా, హాయిగా ఉండండి అంది. ఈ జబ్బు కొత్తగా కనిపెట్టారా అని అడిగింది ఈవిడ. డాక్టరు నవ్వి, రెండువందల ఏళ్ళ కిందటే రాసిపెట్టారంది.

కోడలు తేలిగ్గా ఊపిరి వదిలింది. బయటికి వచ్చాక ఈవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, “ఇంకేం భయం లేదత్తయ్యా” అంది. ఈవిడ తలూపింది. రెండువందల ఏళ్ళు. తనకు ఒక్క పూట సెలవు సరిపోయింది. అత్తగారి కోసం ఆ ఒక్క పూట పెట్టినవాళ్ళు లేరు. తను కూడా పెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి భర్త కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్నాడు. కోడలు అంతా చెప్పింది. ఆయన ముఖం ఎలా ఉందో ఈవిడకు కనబడలేదు గాని, గొంతు మళ్ళీ ఎప్పటంత పెద్దదైంది.

“కళ్ళేగా. నేను ముందే అన్నా, కళ్ళేనని. అనవసరంగా ఇంటిల్లిపాదినీ హడలగొట్టావు. మతి బాగానే ఉందిగా, ఇంకేం, పెట్టు కాఫీ.”

ఆవిడ వంటింటి వైపు వెళ్ళలేదు. ఆయనకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో ఆ వేళకు ఆవిడ కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. కాఫీ కోసం కొడుకు లేవబోయి, ఏమనుకున్నాడో మళ్ళీ కూర్చున్నాడు.

“మీ అమ్మకు పిచ్చి లేదండీ” అంది.

పోయిన మనిషి గురించి ఇప్పుడెందుకు అన్నాడు ఆయన. ఆ రోజుల్లో ఎవరికి తెలుసన్నాడు. నువ్వు మాత్రం అప్పుడు వద్దన్నావా అన్నాడు. ఆ చివరి మాట నిజం. దానికి సర్దిచెప్పడానికి ఏమీ లేదు, ఆవిడ సర్దిచెప్పలేదు.

“రేపు పొద్దున నేను అక్కడికి వెళ్తాను. చేర్చుకునే ముందు ఇంటికి పంపి మనతో ఒక కాగితం నింపించారు. ‘మతిస్థిమితం లేదు’ అని రాశారు దాని మీద. ఆ కాగితం ఉందో లేదో కనుక్కుని, ఆ ముక్క కొట్టేయిస్తాను. కుదరదంటే పక్కన నా చేత్తో రాసి వస్తాను, కనబడినంత మేరకు.”

“నీకు నిజంగానే మతి పోయింది. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయిన మనిషికి ఇప్పుడు దానివల్ల ఒరిగేదేమిటి?”

“ఆవిడకేమీ ఒరగదు” అంది ఆవిడ. “కింద మీ సంతకం పక్కన, సాక్షి సంతకం నాది.”