అంజవ్వకు హాజిరు లేదు

"గడ్డి వేలెడు కన్నా ఎత్తు పెరగొద్దు" అని మజహర్ మున్షీ చెప్పి ఏడేళ్లయింది. చెప్పింది రాజలింగుకు. విన్నది అతని పెళ్లాం అంజవ్వ.

కామారెడ్డి రైలు స్టేషనుకు అవతల ఘనీ సాహెబు కట్టించిన ఎనిమిది బంగళాల మధ్య బాటలన్నీ ఆయన సొంతం. సర్కారుకు వాటితో సంబంధం లేదు. ఎర్ర మొరం మట్టి పోసిన ఆ బాటలకు రెండు పక్కలా మూరెడు వెడల్పున పచ్చగడ్డి. దాన్ని కోయాలి, ఎండాకాలం నీళ్లు మోసి బతికించాలి, గుంత పడితే మొరం నింపి దిమ్మిసతో కొట్టాలి. ఈ పనికి మాలీ రాజలింగు. ఉండటానికి ఇల్లు కూడా సాహెబు ఇచ్చిందే. పొద్దున్నే సాహెబు లెక్కలు రాసే మున్షీ వచ్చి "రాజలింగూ!" అని పిలుస్తాడు. రాజలింగు మంచం మీది నుంచే "హాజిర్!" అంటాడు. ఆ గొంతులో ఎంత నిబ్బరమో! బాటలన్నీ తన వీపు మీదే ఉన్నట్టు. మున్షీ హాజిరు కాగితం మీద గీత పెట్టుకుని వెళ్లిపోతాడు. అప్పుడు అంజవ్వ కొడవలి తీసుకుని లేస్తుంది.

మొదట్లో నడుం నొప్పి అన్నాడు. "రెండు దినాలు జర నువ్వే చూడరాదు" అన్నాడు. ఆ రెండు దినాలు ఏడేళ్లయ్యాయి. నొప్పి ఎప్పుడో పోయింది, పని మాత్రం అంజవ్వను వదల్లేదు. ఎల్లారెడ్డి నుంచి అత్త హన్మవ్వ వచ్చినప్పుడల్లా కొడుకు భుజం నిమిరి, "సాహెబు బాటలన్ని నా కొడుకు మీదనే పడ్డయి, ఎండకు ఎట్ల నల్లవడ్డడో" అంటుంది. నీళ్ల కడవ నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చే కోడలితో, "ఇంట్ల కూసుండేదానివి, వానికి జర మంచిగ వండి పెట్టరాదే?" అంటుంది. అంజవ్వకు ఒళ్లు మండిపోయేది. ఆ కడవ అత్త నెత్తిన పెట్టి, ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో ఒక్క పూట చూపించాలనిపించేది. కిందటి రంజానుకు సాహెబు బాటలు చూసి మురిసిపోయి పట్టంచు రుమాలు ఇచ్చాడు. అది రాజలింగు తలకెక్కింది. ఉతికేది మళ్లీ అంజవ్వే.

1938 వానాకాలం. సాహెబు వియ్యంకులు హైదరాబాదు నుంచి శుక్రవారం వస్తున్నారని కబురు వచ్చింది. దాంతో రాజలింగుకు ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. రుమాలు చుట్టుకుని బాట మీదికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టి చూశాడు.

"గీ గడ్డంత పారతోని చెక్కెయ్. పొలం ఒడ్లు చెక్కినట్టు నున్నగుండాలె."

"అయ్యో, చెక్కద్దు. దాని వేర్లే మొరాన్ని పట్టుకొని ఉన్నయి. వానవడితే అంచులన్ని కొట్టుకపోతయి."

"మాలీ నేనా, నువ్వా? ఎల్లారెడ్డిల పదేండ్లు ఒడ్లు చెక్కిన. నాకు నేర్పుతున్నవా?"

పొలం ఒడ్డు చెక్కాక బురద మెత్తుతారు, ఇక్కడ మెత్తేదేముంది అని అనబోయి ఊరుకుంది. ఈ మనిషితో వాదించే ఓపిక కూడా తన ఒంట్లోంచే రావాలి కదా! మూడు రోజులు వంగి చెక్కింది. మండుటెండల్లో కడవల కొద్దీ నీళ్లు పోసి బతికించిన గడ్డి, తన చేత్తోనే. ఏడుపొచ్చింది. గడ్డి కోసం ఏడుస్తారా ఎవరైనా అని తనను తానే తిట్టుకుంది.

మంగళవారం వాన దంచికొట్టింది. బుధవారం మున్షీ వచ్చేసరికి బాట అంచులు కోసుకుపోయి, మూల మలుపు దగ్గర మోకాలిలోతు గండి పడి ఉంది.

"ఏంది రాజలింగూ ఇది? గడ్డి ఎవరు చెక్కిన్రు?"

"నేను కాదు మున్షీ సాబ్!" రాజలింగు చటుక్కున అన్నాడు. "నా పెండ్లాం చెక్కింది. ఆడదానికేం తెలుస్తది?"

ఏడేళ్లలో అతని నోట ఈ నిజం రావడం ఇదే మొదటిసారి. రుమాలు అందుకున్న రోజు రాని మాట గండి పడగానే వచ్చింది. అంజవ్వకు ముందు నవ్వొచ్చింది, దాని వెనకే పట్టరాని కోపం వచ్చింది.

"అవు సాబ్, చెక్కింది నేనే. చెక్కుమన్నది ఈయన. ఏడేండ్ల సంది కోసింది నేనే, నీళ్లు పోసింది నేనే, దిమ్మిస కొట్టింది నేనే. తప్పు నా మీద ఏస్తే హాజిరు గూడ నా పేరు మీదనే ఎయ్యుండ్రి."

మున్షీ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆడోళ్ల పేరు హాజిరీల ఎక్కదమ్మా. రేపు సందెకల్లా బాట మంచిగ కావాలె. కాకుంటే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి" అని వెళ్లిపోయాడు.

ఆ రోజంతా అంజవ్వ ఒక్కటే ఆలోచించింది. ఇల్లు పోతే? లింగంపేటలో అక్క ఉంది. ఇది నాట్ల కాలం. అక్కడ మడిలో ఎవరు వంగితే వాళ్లనే పేరు పెట్టి పిలిచి కూలి ఇస్తారు.

గురువారం పొద్దున మున్షీ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"రాజలింగూ!"

"హాజిర్!" మంచం మీది నుంచి, ఎప్పటిలాగే.

మున్షీ గీత పెట్టుకుని వెళ్లిపోయాడు. అంజవ్వ అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. పార గోడకు ఆనించి ఉంది. రాజలింగు తల ఎత్తి చూశాడు.

"ఏంది కూసున్నవ్? లెవ్వు, పొద్దెక్కుతుంది."

అంజవ్వ పార తెచ్చి అతని మంచం మీద పెట్టింది.

"పిలిచింది నిన్ను. పలికింది నువ్వు. పో."