టేపు పెట్టని కొలత

మా వృత్తిలో ఆది అని ఒక మాట ఉంది. ఒంటికి సరిపోయిన పాత బట్ట తెచ్చి, ఈ కొలతకే కుట్టమని ఇస్తారు చూడండి, అదీ ఆది అంటే. అది చేతికి వచ్చాక దర్జీకి మనిషితో పని లేదు. మా ఆవిడ కొలతకు నా దగ్గర ఇరవై రెండేళ్ల నాటి నీలం గౌను ఒకటుంది. పెళ్లయిన కొత్తలో నేను కుట్టిందే. అప్పటినుంచి ఆమెకు ఏం కుట్టినా దాన్ని బల్ల మీద పరిచి, చుట్టూ సుద్ద గీసి, కత్తెర వేయడమే. ఆమె ఒంటి మీద టేపు పెట్టి ఎరగను.

నాలుగేళ్ల క్రితం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. ముందు నడుం, తర్వాత తుంటి, ఆ తర్వాత ఫలానా చోటని లేదు. కొట్లో నా పక్క మిషను ఆమెదే. రోజంతా మిషను తొక్కే మనిషికి నొప్పులు రాక ఏమొస్తాయి అన్నాను. ఒకరోజు తుమ్మితే పక్కటెముక విరిగింది. ఒక డాక్టరు ఎముకల్లో బలం లేదని మాత్రలిచ్చాడు. ఇంకొకాయన కీళ్లవాతమన్నాడు. మూడో ఆయన రిపోర్టులన్నీ తిరగేసి, ఇంత నొప్పికి ఇందులో కారణం కనబడటం లేదు, ఒకసారి మనసు డాక్టరుకు చూపించండి అన్నాడు. ఆ మాట నాకెంత హాయిగా అనిపించిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. జబ్బు లేదన్నందుకు కాదు. నేను మొదటినుంచీ అంటున్నదే అంత చదువుకున్నాయన కూడా అన్నందుకు.

ఆ రోజుల్లోనే ఆమె, గౌన్లు పొడుగవుతున్నాయి, అంచు కాళ్లకు అడ్డం పడుతోంది అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నొప్పులంటే సరిపెట్టుకున్నాను గానీ, నా కత్తెరకు వంక పెడితే ఊరుకుంటానా? ఆది తీసి కొత్త గౌను మీద పరిచి చూపించాను. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఒక్కసారి నాకు టేపు పెట్టి చూడండి," అంది.

"నీ కొలత నాకు నోటికొచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను," అన్నాను.

ఆమె మళ్లీ అడగలేదు. నేను కొట్లో లేనప్పుడు తన గౌన్ల అంచులన్నీ తానే పైకి మడిచి కుట్టుకుంది. చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

చేతికర్ర వచ్చింది, ఆ తర్వాత చక్రాల కుర్చీ వచ్చింది. అప్పుడు గానీ పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మాకు దొరకలేదు. మాట కాస్త కటువు మనిషి. నొప్పి సంగతి అడగకుండా, పెళ్లినాటికి ఈవిడ ఎత్తెంత అని అడిగింది. నోటికొచ్చు కదా, గర్వంగానే చెప్పాను. ఆమెను మెల్లగా లేపి, గోడకు ఆనించి కొలిచారు. మూడున్నర అంగుళాలు తక్కువ. ఎముకలు మెత్తబడి వెన్ను కుంగిపోయిందట. ఆమె మడిచి కుట్టుకున్నది కూడా సరిగ్గా అంతే.

రక్తంలో ఫాస్ఫరస్ చూస్తే అడుగంటిపోయి ఉంది. ఇన్నేళ్లలో ఆ పరీక్ష ఎవరూ రాయలేదు. ఒంట్లో ఎక్కడో ఒక చిన్న కణితి ఉండి, ఎముకలకు కావలసిన ఆ ఫాస్ఫరస్‌ను మూత్రంలో పోయేలా చేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. చాలా అరుదైన జబ్బట. కణితి తీసేస్తే మనిషి కోలుకుంటుంది. అయితే అది బఠాణీ గింజంతే ఉండొచ్చు, తల నుంచి కాలి వరకు ఎక్కడైనా ఉండొచ్చు. స్కానింగు తల నుంచి తొడల దాకా రెండుసార్లు తీశారు, ఏమీ కనబడలేదు. ఒళ్లంతా తీసే మిషను వేరే ఊళ్లో ఉంది, దానికి మూడు నెలలు ఆగాలి. ఈలోగా తుంటి విరిగితే ఈవిడ ఇక లేవకపోవచ్చని కూడా డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "చేత్తో తడిమి వెతకండి. అంగుళం కూడా వదలకండి," అంది.

నిజం చెప్పొద్దూ, నేను పొంగిపోయాను. అది నా పనే. బట్ట మడతలో సూదిమొన విరిగి ఉండిపోతే నా వేళ్లు ఇట్టే పట్టేస్తాయి. కొట్టు మూసేసి మూడు రోజులు వెతికాను. తల, మెడ, చంకలు, వీపు, పొట్ట, తొడలు, పిక్కలు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. ఆమె గోడవైపు చూస్తూ ఉండేది. మూడో రోజు మధ్యాహ్నం చీలమండల దాకా వచ్చి, ఏమీ లేదని లేవబోయాను.

"పాదాలు చూడలేదు," అంది.

"అక్కడేముంటాయి, ఆనెకాయలు తప్ప," అన్నాను.

ఆమె కుడికాలు కష్టం మీద ఎత్తి నా ఒళ్లో పెట్టింది.

తొక్కుడు మిషను మీద బతికేవాళ్ల అరికాళ్లు కాయలు కాసి ఉంటాయి. నాకు రెండు, మా నాన్నకు ఐదు. నొప్పులు మొదలవడానికి కొన్నాళ్ల ముందు ఆమె కుడి అరికాలు చూపించి, ఇదేదో అదోలా ఉందండీ, లోపల కదులుతోంది అంది. నేను కుడుతున్న కుట్టు మీదనుంచి తల ఎత్తకుండానే ఆనెకాయ అన్నాను. ఇప్పటికి అసలైన దర్జీవయ్యావని నవ్వాను కూడా. ఆ తర్వాత నెలకోసారి ఆ కాలిని వేణ్ణీళ్లలో నానబెట్టి, కాజాలు కోసే బ్లేడుతో పైతోలు నేనే చెక్కేవాణ్ణి. నా అంత మంచి మొగుడు ఎవరికి దొరుకుతాడులే అనుకునేవాణ్ణి.

బొటనవేలితో నొక్కాను. వేలి కిందనుంచి పక్కకు జారింది. ఆనెకాయ కదలదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మర్నాడు పాదానికి స్కానింగు తీశారు. అదే. వచ్చే వారం ఆపరేషన్ అన్నారు. ఎముకలు గట్టిపడతాయి, ఏడాదిలో నడుస్తుంది, పోయిన ఎత్తు మాత్రం తిరిగి రాదు అని డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, పెన్ను తీసుకుని, "ఈ గడ్డ ఎప్పటినుంచి ఉంది? ఎవరికీ చూపించలేదా?" అని అడిగింది.

చెప్పాల్సింది నేను. మా ఆవిడ నావైపు చూడనైనా చూడకుండా, "గుర్తు లేదండీ. నేనే పట్టించుకోలేదు," అంది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, పేషెంటు నిర్లక్ష్యం అని రాసుకుంది.

కుర్చీ తోసుకుంటూ వరండాలోకి వచ్చాను. నా పరువు కాపాడిందనుకున్నాను. ఇన్నేళ్ల కాపురం ఊరికే పోలేదనుకున్నాను. కుర్చీ ఆపి, ఎదురుగా వచ్చి, నన్ను వెనకేసుకొచ్చావు కదూ అని అడిగాను.

"లేదు," అంది. "నిజం చెప్తే మీరు అక్కడే కూర్చుని ఏడుస్తారు. మిమ్మల్ని ఓదార్చే ఓపిక నాకు లేదు."

నేను అప్పటికే జేబులో చేతిరుమాలు వెతుక్కుంటున్నాను.